మాగేసే గదిలో ఇంజను

మా షెడ్డు కొనుక్కున్నాయన ఫోన్ చేసి, "అమ్మగారూ, అంతా ఖాళీ చేయించానండీ. వెనక గదిలో కారు ఇంజనొకటి ఉండిపోయింది. దాన్నేం చేయమంటారు?" అని అడిగినప్పుడు నేను వంకాయలు తరుగుతున్నాను. "నేను వస్తానండీ, అప్పటిదాకా ఉంచండి" అన్నాను. ఫోన్ పెట్టేశాక మళ్లీ వంకాయలు తరిగాను, కూర పోపు పెట్టాను, అన్నం తిన్నాను. నాన్న పోయిన రోజు కూడా ఇంతే, వచ్చినవాళ్లందరికీ కాఫీలు కలిపాను. చూసినవాళ్లు దీనిది రాతిగుండె అనుకుని ఉంటారు. అనుకోనీ. కాలు తిమ్మిరెక్కినప్పుడు గిచ్చినా తెలియదు చూడండి, నాది అలాంటిది. మా అమ్మ చనిపోయిన వేసవిలో పట్టింది, ఇన్నేళ్లయినా పూర్తిగా దిగలేదు. ఆ ఇంజను మాట వినగానే ఆ వేసవి అంతా ముందుకొచ్చింది. బాధగా ఏమీ రాలేదు. కిరసనాయిలు వాసనగా వచ్చింది.

మాది నూజివీడులో మామిడికాయల వ్యాపారం. ఊళ్లో ఇల్లు, ముసునూరు వెళ్లే రోడ్డు మీద తోటల మధ్య షెడ్డు. కాయల రోజుల్లో మా కాపురం అంతా షెడ్డులోనే. ఇంటికి తాళం వేసి, దేవుడి పటంతో సహా అక్కడికి చేరేవాళ్లం. ముందు వైపు కాయలు దించి ఏరే చోటు, పక్కన రేకుల వంటిల్లు, వెనక మాగేసే గది. దానికి కిటికీ లేదు. నేల మీద మందంగా వరిగడ్డి పరిచి, దాని మీద కాయలు, మళ్లీ గడ్డి, మళ్లీ కాయలు. తలుపు తీస్తే వెచ్చటి గాలి మొహానికి తగిలేది. ఆ వాసన మా బట్టలకీ, జుట్టుకీ, చివరికి తాగే మజ్జిగకీ పట్టేది. కాలేజీలో నేను బెంచీ మీద కూర్చోగానే, "రసాలు దిగాయే" అని స్నేహితురాళ్లు ముక్కులు ఎగబీల్చేవాళ్లు. మా నాయనమ్మకి ఆ గదంటే దేవుడి గది ఎంతో అదీ అంతే. చెప్పులతో వెళ్లనిచ్చేది కాదు, లోపల గట్టిగా మాట్లాడనిచ్చేది కాదు. "కాయ నిద్దట్లో పండుద్దే. లేపమాకండి" అనేది.

ఎర్ర పెయింటు డబ్బా, పుల్లకి గుడ్డ చుట్టి చేసుకున్న కుంచె కూడా నాయనమ్మ చేతిలోనే ఉండేవి. మార్కెట్టులో అందరి బుట్టలూ గుట్టలుగా పడి ఉంటాయి కదా, ఎవరివేవో తెలియడానికి ఒక్కో వ్యాపారికీ ఒక్కో గుర్తు. మాది మూడు ఎర్ర చుక్కలు. ఆవిడ బుట్టలతో ఊరుకునేది కాదు. చేద, నిచ్చెన, చీపురు కట్ట, షెడ్డులోకి కొత్తగా ఏ వస్తువు అడుగు పెట్టినా దానికి మూడు చుక్కలు పడాల్సిందే. "మన గుర్తుంటే పోయినా తిరిగొస్తది" అని ఆవిడ నమ్మకం. నా కాలేజీ గొడుక్కి కూడా పెట్టింది. గొడుగు బస్సులో పోయింది, తిరిగి రాలేదు. అదే ఎత్తిపొడిస్తే, "చుక్కలు ఆరకముందే పట్టుకుపోయావు, అది నా తప్పా?" అంది.

ఇక కారు. నాన్నది పాత అంబాసిడర్. రంగు తెలుపే గాని దుమ్ముకొట్టుకుని ఎప్పుడూ గోధుమ రంగులో కనపడేది. కాయల రోజుల్లో వెనక సీటు ఊడదీసి, అక్కడ గడ్డి పరిచి, చిన్నరసాల బుట్టలు పెట్టేవాడు. మిగతా రకాలు లారీలో వెళ్లినా రసాలు మాత్రం కారులోనే. రసం కాయకి దెబ్బ తగిలితే ఆ పూట ఏమీ తెలియదు. పండే వేళకి నల్ల మచ్చ లేస్తుంది, కొన్నవాడు ఇంటి పేరు ఎత్తి తిడతాడు. అందుకని నాన్న బండి నడిపే తీరే వేరుగా ఉండేది. గుంత వచ్చినా గట్టు వచ్చినా బండి పాకినట్టు దిగాలి, దూకకూడదు. దానికోసం ఎడమ కాలు క్లచ్ మీద సగం నొక్కే ఉంచేవాడు. ఇంజను చక్రాలని పూర్తిగా అందుకోదు, పూర్తిగా వదిలిపెట్టదు. మా వైపు కాయలు తోలేవాళ్లందరిదీ ఇదే పద్ధతి. కాలు తీస్తే కుదుపు, కుదుపు తగిలితే మచ్చ. పక్క సీటులో అమ్మ కూర్చునేది. గుంత ఇంకా దూరాన ఉండగానే ఆమె చెయ్యి నాన్న మోచేతి మీద పడేది. "మెల్లగా" అనేది. అనకపోయినా ఆయన మెల్లగానే వెళతాడని ఆమెకి తెలుసు. ఆయన "ఊఁ" అనేవాడు. నా ఎదుట వాళ్లిద్దరూ చెప్పుకున్న ముచ్చట్లలో సగం ఆ రెండు మాటలే.

ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం అమ్మ కాయలు ఏరుతూ ఏరుతూ బుట్ట మీదికి ఒరిగింది. గుండెల్లో పట్టేసినట్టుందంది. ఒళ్లంతా చెమట. నూజివీడులో డాక్టరు చూసి, ఇంజెక్షన్ ఇచ్చి, వెంటనే బెజవాడ తీసుకెళ్లమన్నాడు. వెనక సీటు లేదు కదా, గడ్డి మీదే దుప్పటి పరిచి పడుకోబెట్టాం. ఆమె తల నా ఒడిలో పెట్టుకున్నాను. రోడ్డు అప్పట్లో రోడ్డులా ఉండేది కాదు. కుదుపు తగిలినప్పుడల్లా అమ్మ మొహం ముడుచుకునేది. "మెల్లగా అండీ" అంది. చెయ్యి ముందు సీటు దాకా రాలేదు, మాట వచ్చింది. నాన్న వెనక్కి తిరగకుండానే "ఊఁ" అన్నాడు. బాపులపాడు దగ్గరికి వచ్చేశాం, హనుమాన్ జంక్షన్‌లో ఆగిన లారీలు కనపడుతున్నాయి. అప్పుడు మాడిన వాసన వచ్చింది. ఇంజను అరుస్తోంది, బండి కదలటం లేదు. నాన్న గేరు మార్చాడు, మళ్లీ మార్చాడు. అరుపు పెరిగింది తప్ప చక్రం తిరగలేదు. ఆయన దిగి జంక్షన్ వైపు పరుగెత్తడం అద్దంలోంచి చూశాను. మా నాన్న పరుగెత్తడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఒక చెప్పు ఊడిపోయింది, ఆగలేదు. లారీ ఒకటి మాట్లాడుకుని వచ్చి, నలుగురు పట్టి అమ్మని అందులోకి ఎక్కించేసరికి ఎండ వాలింది. ఆసుపత్రిలో డాక్టరు చెయ్యి పట్టుకుని చూసి వదిలేశాడు. "ఇంకాస్త ముందు తెచ్చుంటే చూసేవాళ్లమండీ" అన్నాడు. ఎంతమందితో ఎన్నిసార్లు అన్నాడో ఆ మాట. పాపం ఆయనకి గుర్తు కూడా ఉండి ఉండదు.

కర్మకాండ అయ్యాక నాన్న చేసిన మొదటి పని, చెట్ల మీద మిగిలిన కాపంతా ఇంకో వ్యాపారికి అప్పజెప్పేయడం. రెండో పని, జంక్షన్ దగ్గర నిలిచిపోయిన కారుని ట్రాక్టరుకి కట్టించి షెడ్డుకి లాక్కురావడం. లాక్కొచ్చి కాయలు ఏరే చోట, సరిగ్గా అమ్మ కూర్చునే చోటుకి ఎదురుగా పెట్టించాడు. ఇంజనూ గేరుబాక్సూ కిందికి దించుతానన్నాడు. పెళ్లికి ముందు రైసుమిల్లులో ఇంజను దగ్గర పనిచేసిన మనిషి, రెంచీ పట్టడం కొత్త కాదు. అయినా నాయనమ్మకి భయమేసింది.

"జంక్షన్‌లో అంతమంది మెకానిక్కులున్నార్రా. ఒకణ్ణి పిలిపించు."

"ఎవరూ వద్దు."

"ఏం? నీకెందుకీ గొడవ ఇప్పుడు?"

"వాళ్లందరికీ జరిగింది తెలుసమ్మా. లోపల ఏముందో చూసి చెప్పరు, నా మొహం చూసి చెప్తారు. మీ తప్పేం లేదండీ, బండి అట్టాంటిదండీ అంటారు. నాకు ఓదార్పొద్దు. ఎందుకాగిందో నా కళ్లతో నేను చూడాలి."

అదీ సంగతి. అమ్మ ప్రాణం పోయింది బండి దోషం వల్లా, తన దోషం వల్లా? ఆ జవాబు ఆ ఇనుము లోపల ఎక్కడో ఉంది. అది బయటికి తీస్తే తప్ప ఆయనకి ముద్ద దిగేట్టు లేదు. నేను కాలేజీ పుస్తకాలు పక్కన పడేసి ఆయనతో పాటు బండి కిందికి దూరాను. ఆయన నన్ను రమ్మనలేదు, వద్దనలేదు. నాకు జవాబు కావాలని కూడా కాదు. వంటింట్లో కూర్చుంటే అమ్మ గరిటెలు కనపడుతున్నాయి, బండి కింద కనపడవు. అంతే.

ముందు రేడియేటరు నీళ్లు వదిలేశాం. బానెట్టు విప్పి గోడకి ఆనించాం. బ్యాటరీ, వైర్లు, పెట్రోలు గొట్టం, ఒక్కొక్కటీ విడదీస్తూ పోయాం. విప్పిన బోల్టులు కలిసిపోకుండా వేటికవి వేరుగా పెట్టాలి, కిరసనాయిల్లో నానెయ్యాలి. డబ్బాలు చాలలేదు. నాయనమ్మ వంటింట్లోకి వెళ్లి ఆవకాయ జాడీలు ఒక్కొక్కటీ చంకనెత్తుకుని తెచ్చింది. అమ్మ ఆ ఏడాది ముందే ఆవాలు కొట్టించి పెట్టింది, జాడీలు కడిగి ఎండబెట్టి బోర్లించి ఉంచింది. ఇంట్లో మనిషి పోయిన ఏడాది మేం ఆవకాయ పెట్టం. చుట్టాలు ఎవరైనా పెట్టింది పంపిస్తే తింటాం గాని మా చేత్తో జాడీకి వాసెన కట్టం. ఊరందరికీ కాయలమ్మే ఇంట్లో ఆ ఏడు ఒక్క ముక్క కొట్టలేదు. "ఎట్టాగూ ఖాళీయేగా" అని నాయనమ్మ జాడీలు నాన్న పక్కన పెట్టింది. పెద్ద జాడీలో ఇంజను బోల్టులు, దాని తర్వాతి దాంట్లో గేరుబాక్సువి, మాగాయ జాడీలో సన్న నట్లు. రాత్రికి మూతుల మీద గుడ్డ కప్పి వాసెన కూడా కట్టింది, దుమ్ము పడకుండా. తన చేతులకి తెలిసిన పని అది.

ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరూ ఏడవలేదు. పొద్దున్నే నాయనమ్మ చద్దన్నంలో మజ్జిగ పోసి రెండు గిన్నెలు బండి దగ్గరికే తెచ్చేది. నల్లటి చేతుల్తో తినేవాళ్లం. చెయ్యి కడుక్కోమని అరిచే మనిషి లేదు. కిరసనాయిలు వాసన, పాత ఆయిలు వాసన, వాటి కింద ఎక్కడో ఇంకా వదలని మామిడి వాసన. సైలెన్సరు బోల్టులు తుప్పు పట్టి రాక వారం పైగా ఏడిపించాయి. నాన్న సాయంత్రం వాటికి ఆయిలు రాసి వదిలేసి పొద్దున్నే మళ్లీ పట్టు పట్టేవాడు. ఆయన నోట వచ్చే మాటలు "పదహారు నంబరు", "ఇటు పట్టుకో", "చాలు". నేను అందించేదాన్ని, పట్టుకునేదాన్ని. కొన్నాళ్లకి ఆయన అడక్కముందే ఏ రెంచీ కావాలో నా చేతికి తెలిసిపోయేది. చెప్పకూడదు గాని, నా బుర్ర మొద్దుబారిపోయి ఉన్న ఆ నెలలో నాకు కాస్త హాయిగా అనిపించింది ఆ బండి కిందే. ఆ హాయి మీద ఇప్పటికీ నాకు కోపమే.

అన్నీ విడిపోయాక ఇంజను, దాని తోకలా గేరుబాక్సు, రెండూ కలిపి పైకి లేపాలి. మా దగ్గర క్రేన్లు ఎక్కడివి? కాటా తగిలించే మూడు సరుగుడు గుంజలు ఉన్నాయి. బుట్టలు తూచేటప్పుడు ఆ మూడింటినీ తలలు కలిపి నిలబెట్టి మధ్యలో కాటా వేలాడదీస్తాం. కాటా తీసేసి, రైసుమిల్లు నుంచి తెచ్చిన చైను గిలక వేలాడదీశాడు నాన్న. తోట కాపలా కోటయ్య, కాయలు కోసే మరో ఇద్దరు వచ్చారు. వాళ్లకీ ఆ పని ఎందుకో తెలుసు. చైను లాగుతుంటే ఇంజను బండిలోంచి ముక్కు పైకెత్తి లేచింది. అది గాల్లో ఊగుతుండగా బండిని వెనక్కి తోసేశారు. నాన్న ఒక చెయ్యి ఇంజనుకి ఆనించి నిలబడ్డాడు, ఎటూ ఊగకుండా.

"నేల మీద పెట్టమాకండ్రా" అంది నాయనమ్మ. "గడ్డెయ్యండి."

కాపు అప్పజెప్పేశాక మాగేసే గది ఖాళీగానే ఉంది. గడ్డి అలాగే పరిచి ఉంది. నలుగురు మనుషుల బరువున్న ఇనుముని దుంగల మీద దొర్లించి తీసుకెళ్లి, ఆ గడ్డి మీద పండుని దించినట్టు దించారు. కోటయ్య గది బయట చెప్పులు విడిచి మరీ లోపలికి వెళ్లాడు. ఇంకెప్పుడైనా అయితే దానికి నవ్వేవాళ్లం.

మర్నాడు పొద్దున గేరుబాక్సుని ఇంజను నుంచి వేరు చేశాడు. ఆ రెంటి మధ్యన ఉంటుంది క్లచ్ ప్లేటు. అన్నం పళ్లెమంత గుండ్రటి బిళ్ల. ఇంజను తిరుగుడుని పట్టి చక్రాలకి అందించేది అదే. దాని మీద పట్టుకోసం మందంగా ఒక పొర ఉండాలి. నాన్న చేతిలోకి వచ్చిన బిళ్ల మీద పొర లేదు. అరిగి అరిగి, మేకులు మాత్రం తళతళా మెరుస్తున్నాయి. జంక్షన్ దగ్గర వచ్చిన మాడు వాసన ఇంకా దాన్నంటుకునే ఉంది. నాన్న బొటనవేలితో ఆ మేకుల మీద గుండ్రంగా ఒకసారి రాశాడు.

"ఏంట్రా అది?" అంది నాయనమ్మ గుమ్మంలోంచి.

"ప్లేటమ్మా. అరిగిపోయింది."

"అయితే బండిదేగా తప్పు?" ఆవిడ గొంతులో ఆశ నాకు ఇప్పటికీ వినపడుతుంది.

నాన్న బయటికి నడిచి, ఇంజను లేని కారులోకి ఎక్కి కూర్చున్నాడు. మేం ఇద్దరం వెనకే వెళ్లాం. స్టీరింగు మీద రెండు చేతులూ వేసి ఊరికే రోడ్డు చూస్తున్నట్టు ఎదురుగా చూశాడు. తర్వాత తలుపు తెరిచే ఉంచి నన్ను పిలిచాడు.

"చూడమ్మా, నా కాలెక్కడుందో."

ఎడమ కాలు క్లచ్ మీద ఉంది. సగం నొక్కి ఉంది. ఆయన పెట్టలేదు, అదే వెళ్లి పెట్టుకుంది.

"ప్లేటు ఎప్పణ్ణించో అరుగుతానే ఉంది. ఆ రోజు మిగిలింది కాస్తా తినేశాను. గట్టిగా తోలుకుపోయుంటే బెజవాడ దాకా వచ్చేది. మీ అమ్మని కాయల్ని తోలినట్టు తోలానే."

నాయనమ్మ కారు తలుపు పట్టుకుంది. "అదే కదరా మెల్లగా పొమ్మంది?"

"అంది. ఆ ఒక్కసారి వినకుండా ఉండాల్సింది."

ఇంకెవరైనా అయితే అక్కడ భోరుమని ఉండేవాళ్లు. మేం ముగ్గురం అన్నాలకి లేచాం. బీరకాయ పచ్చడి అని కూడా గుర్తుంది నాకు.

మరుసటి ఏడు వ్యాపారం మళ్లీ మొదలైంది. నాన్న కాయలన్నీ లారీలోనే పంపాడు, తను బస్సులో తిరిగాడు. మాగేసే గదిలో ఇంజను ఒక మూల, గేరుబాక్సు ఒక మూల గోనెపట్టాలు కప్పుకుని ఉండిపోయాయి, వాటి చుట్టూ గడ్డిలో రసాలు పండాయి. కారు మళ్లీ ఎప్పుడు రోడ్డెక్కిస్తారని ఎవరడిగినా ఆయన దగ్గర ఒకటే జవాబు. "క్లచ్ ప్లేటు దొరకటం లేదండీ." పాత మోడలు కదా, నిజమే అనుకునేవాళ్లంతా. నేనూ అనుకున్నాను. ప్లేటు దొరికితే ఆయన బండి బిగిస్తాడు, బిగిస్తే తోలతాడు, తోలితే మా ఇంట్లో ఎక్కడో ఆగిపోయింది మళ్లీ కదులుతుంది. ఇంత పిచ్చి లెక్క వేసుకున్నాను నేను. నాకు బెజవాడలో లెక్చరరు ఉద్యోగం వచ్చాక, సెలవు దొరికినప్పుడల్లా మోటారు సామాన్ల కొట్లన్నీ తిరిగాను. ఒక కొట్టు అటక మీద దుమ్ములో దొరికింది. కొత్తది, కాగితం కూడా విప్పలేదు. గుండెలకి హత్తుకుని బస్సులో తెచ్చాను. షెడ్డు గుమ్మంలోనే నాయనమ్మ లాక్కుని, మధ్య ఇనుము మీద మూడు ఎర్ర చుక్కలు పెట్టి, ఆరేదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. గొడుగు సంగతి ఇంకా మర్చిపోలేదన్నమాట. నాన్న దాన్ని రెండు చేతులతో అందుకున్నాడు. గదిలోకి వెళ్లి చాలాసేపు ఉండి వచ్చాడు.

"సైజు సరిపోలేదమ్మా" అన్నాడు.

"సరిగ్గా చూశారా నాన్నా? అదే నంబరని కొట్టాయన చెప్పాడు."

"చూశాను. సరిపోలేదు."

నాకు ఉక్రోషం వచ్చింది. ఎన్ని కొట్లు తిరిగాను! మళ్లీ నేను ప్లేటు మాట ఎత్తలేదు. కారు డొక్కు తుప్పు పట్టి, కోళ్లు గుడ్లు పెట్టి, చివరికి తుక్కువాళ్లకి పోయింది. నాయనమ్మ పోయింది. నా పెళ్లి, పిల్లలు, రిటైర్మెంటు అన్నీ అయ్యాయి. నాన్న ఆఖరి దాకా కాయలమ్మాడు, ఆఖరి దాకా బస్సులోనే తిరిగాడు. పోయిన ఏడాది నిద్రలోనే పోయాడు.

మొన్న బెజవాడ నుంచి షెడ్డుకి నా కారులోనే వెళ్లాను. దానికి క్లచ్ లేదు, ఈ కాలం బండి. అయినా గుంత వచ్చినప్పుడు నా ఎడమ కాలు ఉత్త నేలనే నొక్కుతుంది, మా ఆయన నవ్వుతారు. జంక్షన్ మీదుగా వెళితే ఇప్పుడంతా వంతెనలు. మేం ఆగిన చోటు ఏదో గుర్తుపట్టడానికి కూడా లేదు. అమ్మ ప్రాణం దాటలేకపోయిన దూరం ఇప్పుడు పది పాటలు అయ్యేలోపు దాటేశాను. ఆంబులెన్సు ఒకటి కూత పెట్టుకుంటూ నన్ను దాటి పోయింది, దానికి అందరూ పక్కకి తప్పుకుంటున్నారు. అందరూ మంచివాళ్లే, రోడ్డూ మంచిదే. ఎవరి మీద కోప్పడాలో తెలియక హారను కొట్టాను.

షెడ్డు కొన్నాయన ఎదురొచ్చి మర్యాద చేశాడు. పాత గది పడగొట్టి గ్యాసుతో కాయలు మాగేసే చల్లటి గదులు కడతాడట. బటన్ నొక్కితే ఇన్ని గంటలకి ఇంత పసుపు అని వస్తుందట. "గడ్డితో పన్లేదండీ ఇంక" అన్నాడు సంబరంగా. మంచిదేనండీ అన్నాను. పాత ఇనుము కొనే శ్రీను అనే అతను చిన్న క్రేను బండితో వచ్చి ఉన్నాడు. గోనెపట్టాలు లాగేసి ఉన్నాయి. గదిలోకి తొంగి చూసి, నా కళ్లు నేనే నమ్మలేదు. ఒక మూల ఇంజను, ఒక మూల గేరుబాక్సు ఉండాలి. అలా లేవు. గది మధ్యలో రెండూ కలిసి ఒకటిగా ఉన్నాయి. గోడ వారన జాడీలు కడిగి బోర్లించి ఉన్నాయి, ఒక్క దాంట్లోనూ ఒక్క బోల్టు లేదు.

"ఇది విప్పి చూపిస్తారా?" అని అడిగాను శ్రీనుని.

"ఇన్నేళ్లదండీ. పట్టేసి ఉంటది, కట్టర్ పెట్టాలి" అంటూనే రెంచీ వేశాడు. బోల్టు తేలిగ్గా తిరిగింది. రెండోదీ తిరిగింది. "గ్రీజు పెట్టి బిగించారండీ ఎవరో. అప్పుడప్పుడూ ఆయిల్ కూడా పోస్తున్నట్టున్నారు" అన్నాడు ఆశ్చర్యంగా. గేరుబాక్సు పక్కకి జరిగింది. లోపల చెయ్యి పెట్టి ప్లేటు బయటికి తీసి నా చేతిలో పెట్టాడు. పొర మందంగా, ఎక్కడా అరగకుండా ఉంది. మధ్య ఇనుము మీద మూడు ఎర్ర చుక్కలు ఉన్నాయి.

"సైజు సరిపోయిందా?" అన్నాను.

అతను నా వంక వింతగా చూశాడు. ప్లేటు నా చేతిలోంచి తీసుకుని మళ్లీ దాని చోట ఆనించి చూపించాడు. అది వెళ్లి కుదురుగా కూర్చుంది. "సరిపోకపోవటమేంటండీ, దీనిదేగా!" అన్నాడు.

గడ్డి మీద అలాగే కూలబడ్డాను. చెప్పులతోనే లోపలికి వచ్చానని అప్పుడు చూసుకున్నాను. ముందు కోపం వచ్చింది. ఇన్నేళ్లు నాతో అబద్ధమాడావా నాన్నా, నా ప్లేటు సరిపోలేదని. దొరకనిది ప్లేటు కాదని ఒక్క ముక్క చెబితే నేను కొట్లు తిరగకుండా నీ పక్కన కూర్చునేదాన్ని కదా. ఆ తర్వాత కోపం పోయింది. చేతికి రెంచీ అందించేవాళ్లు లేకుండా, ఇటు పట్టుకో అని చెప్పుకోవడానికి ఎవరూ లేకుండా, ఆ పెద్ద ఇనుముని ఒక్కడూ జరుపుకుంటూ, జాడీల్లోంచి బోల్టులు తీసి బిగించుకుంటున్న మనిషి కనపడ్డాడు. అన్నీ బాగుచేశాడు. దాన్ని బండిలో పెట్టి, ఎడమ కాలు పైకెత్తి కూర్చోవడమొక్కటే చేతకాలేదు. అప్పుడు ఏడ్చాను. తిమ్మిరి దిగేటప్పుడు ఎలా ఉంటుందో అందరికీ తెలిసిందే, నేను చెప్పక్కర్లేదు. శ్రీను కంగారుపడి నీళ్ల సీసా తెచ్చి ఇచ్చి, బయటికి వెళ్లి నిలబడ్డాడు.

కాసేపటికి నేనే లేచి, ప్లేటు లోపలే ఉంచి మళ్లీ బిగించమన్నాను. తుక్కుకి వెళ్లేదాన్ని బిగించడమెందుకని అతను గొణుక్కుంటూనే బిగించాడు. క్రేను కొక్కెం తగిలించారు. ఇంజను, దాని తోకలా గేరుబాక్సు, గడ్డిలోంచి లేచి గాల్లో ఊగాయి. దూరంగా నిలబడినదాన్ని ఎప్పుడు దగ్గరికి వెళ్లానో తెలియదు, నా చెయ్యి వెళ్లి క్రేను డ్రైవరు మోచేతి మీద పడింది.

"మెల్లగా" అన్నాను.

"పాత ఇనుమండీ ఇది, మెల్లగా ఏంటి!" అని నవ్వాడు అతను. అయినా మెల్లగానే దించాడు.